ఇంటి పటాల్లో చివరి కాగితం

పెళ్ళివారింట్లో పెట్టుబళ్ళ జాబితా వ్రాయడం మీరందరూ చూచే ఉంటారు. ఒక పొడుగాటి కాగితం తీసుకొని ఎడమవైపున వరసగా మేనత్త, పెద్ద వియ్యపురాలు, ఆడపడుచు, తోటికోడలు, పురోహితుడు అని వ్రాస్తారు. పైన అడ్డంగా చీర, రవికెల గుడ్డ, పంచెల చాపు, వెండి భరిణె అని వ్రాసి గళ్ళు గీస్తారు. ఎవరికి ఏమి పెట్టాలో ఆ గడిలో పడుతుంది. ముందుగా కూర్చుని ఆ జాబితా వ్రాసుకొన్న ఇంట్లో పెళ్ళి నవ్వుతూ జరుగుతుంది. "ఆఁ, షాపుకి వెళ్ళినప్పుడు చూసుకొందాంలే" అనుకొన్న ఇంట్లో మేనత్తగారి చీర మరచిపోయిన సంగతి పీటల మీద కూర్చున్న తర్వాత బయటపడుతుంది. ఇక పదేళ్ళపాటు ఆ మాట వినబడుతూనే ఉంటుంది.

ఇంటికి కూడా సరిగ్గా ఇటువంటి జాబితా ఒకటి ఉన్నది. చుట్టాల పేర్లున్న చోట గదుల పేర్లుంటాయి. చీరలూ పంచెలూ ఉన్న చోట నేల, గోడ, పైకప్పు ఉంటాయి. ఇంజనీర్లు దానిని 'ఫినిష్ షెడ్యూలు' అంటారు. మనం 'ముగింపు పనుల పట్టిక' అనుకొందాం.

కిందటి నెలలో ఒక పాఠకురాలు ఉత్తరం వ్రాశారు. ఆమె భర్త రిటైరయ్యారు. ప్రావిడెంటు ఫండు సొమ్ముతో మూడు గదుల ఇల్లు మొదలుపెట్టారు. ఆర్కిటెక్టు ఇచ్చిన పటాల కట్టలో గదులు, మెట్లు, తలుపులు ఆమెకు బాగానే అర్థమయ్యాయట. చివరి కాగితంలో మాత్రం గళ్ళూ, ఆ గళ్ళలో ఎఫ్-2, ఎస్-1, డి-3 అనే అక్షరాలూ ఉన్నాయట. అదేమిటని అడిగితే మేస్త్రీ, "అమ్మగారూ, అవన్నీ ఇంజనీర్లకు లెండి. మీరు రంగులు చెప్పండి చాలు" అన్నాడట. "నిజంగా మాకు అక్కరలేని కాగితమేనా అండీ?" అని ఆమె ప్రశ్న.

అమ్మా, మీకు అక్కరలేని కాగితాలు ఆ కట్టలో కొన్ని ఉండవచ్చు. పునాదిలో ఇనుప కడ్డీలు ఎన్ని, ఏ మందం అన్న లెక్క ఇంజనీరుకు వదిలినా ఫరవాలేదు. కాని ఈ కాగితం ముమ్మాటికీ మీదే. ఎందుకంటే పొద్దున లేచినది మొదలు మీ పాదం ఆనేది, మీ చెయ్యి తగిలేది, మీ కంటికి కనబడేది అంతా ఇందులోనే ఉన్నది. పైగా ఒప్పందంలో "ఫినిష్ షెడ్యూలు ప్రకారం పని చేయబడును" అన్న మాట ఒక్కటి ఉంటే చాలు, మీ సొమ్ములో ఒక పెద్ద భాగం ఆ గళ్ళలోకి వెళ్ళి కూర్చున్నట్టే.

చదవడం కష్టమేమీ కాదు. ఎడమవైపు నిలువు వరుసలో గదులు. పైన అడ్డంగా సాధారణంగా అయిదు మాటలుంటాయి: ఫ్లోరింగు, స్కర్టింగు, డాడో, గోడలు, సీలింగు. చివర 'రిమార్కులు' అని ఒక గడి. పెద్ద ఇళ్ళకు గది పేరు బదులు నంబరు వేస్తారు. 101 అంటే కింది అంతస్తులో మొదటి గది, 203 అంటే పై అంతస్తులో మూడవది అని సామాన్యంగా ఒక పద్ధతి. ఆ నంబరే ప్లానులో గది మధ్యన కూడా వ్రాసి ఉంటుంది. ఒక వేలు ప్లాను మీద, ఒక వేలు పట్టిక మీద పెట్టుకొని చదవాలి.

గళ్ళలో ఉన్న అక్షరాలు పొట్టి పేర్లు మాత్రమే. ఎఫ్ అంటే ఫ్లోరు, ఎస్ అంటే స్కర్టింగు, డి అంటే డాడో, డబ్ల్యు అంటే గోడ, సి అంటే సీలింగు. పక్కన ఉన్న అంకె ఎన్నో రకమో చెబుతుంది. ఎఫ్-1 అంటే ఏమిటో అదే కాగితంలో ఒక మూల 'లెజెండ్' అన్న శీర్షిక కింద పూర్తిగా విడమరచి ఉంటుంది. ఆ మూల చదవకుండా గళ్ళు చదివితే అర్థాలు తెలియని మంత్రం చదివినట్టే. ఒక్క జాగ్రత్త. ఈ అక్షరాలు ఆర్కిటెక్టును బట్టి మారుతాయి. డి అంటే ఒకరి పటంలో డాడో, మరొకరి పటంలో డోరు, అంటే తలుపు. అందుకని పక్కింటివారి పటం చూచి మన పటం చదవకూడదు.

స్కర్టింగు, డాడో అన్న మాటలు వినగానే ఇవేవో సీమ వ్యవహారాలు అనుకోనక్కరలేదు. మన అమ్మమ్మల ఇళ్ళు గుర్తు తెచ్చుకోండి. గోడలకు పైన తెల్లటి సున్నం. అడుగున, నేలను ఆనుకొని, జానెడు ఎత్తున ఎర్రటి జాజుపట్టీ. అది అందానికే అనుకొంటాం. వాకిట్లో కళ్ళాపి చల్లినా, లోపల పేడతో అలికినా, ఆ చిందులన్నీ పడేది గోడ అడుగునే. తెల్ల సున్నం మీద అవి మరకలై కనబడతాయి, జాజు మీద కనబడవు. ఆ జాజుపట్టీయే ఈనాటి స్కర్టింగు. ఇప్పుడు పేడ అలుకు బదులు తడిగుడ్డ కర్ర వచ్చింది. అది తగిలి గోడ రంగు పోకుండా నాలుగంగుళాల ఎత్తున టైలో, రాయో అతికిస్తారు. అదే పట్టీ నడుము దాకానో, తల దాకానో పెరిగితే డాడో. స్నానాల గదిలోనూ, వంటగట్టు పైనా ఉండేది అదే. మన ముసలమ్మలకు పట్టిక లేకపోయినా వీధి అరుగుకు ఏమి, వంటింటికి ఏమి, దేవుడి గదికి ఏమి, గొడ్ల చావడికి ఏమి అన్నది తు.చ. తప్పకుండా తెలుసు. మన పటంలో ఉన్నది ఆ తెలివే. కాగితం మీదికి ఎక్కింది, అంతే.

ఇది మన ఒక్కరి తెలివి కూడా కాదు. రెండు వేల ఏళ్ళ క్రితం రోము నగరంలో విట్రూవియస్ అనే వాస్తు శిల్పి పది భాగాల గ్రంథం వ్రాశాడు. అందులో ఏడవ భాగమంతా నేలలు, గోడపూతలు, రంగుల గురించే. చలికాలం భోజనశాలలో దీపాల మసి, నిప్పుల పొగ పడుతుంది గనుక అక్కడ సున్నితమైన నగిషీలు పెట్టవద్దని హెచ్చరించాడు. గ్రీకులు అటువంటి గదిలో బొగ్గు, సున్నం, ఇసుక, బూడిద కలిపి నల్లటి నేల వేసుకొంటారనీ, ఒలికిన ద్రాక్షసారా దానిలో వెంటనే ఇంకిపోతుందనీ, వడ్డించేవాడు వట్టి కాళ్ళతో నడిచినా చలి తగలదనీ వ్రాశాడు. చూచారా! గదిలో ఏమి జరుగుతుందో ముందు ఆలోచించి, ఆ తర్వాత నేల సంగతి చెప్పాడు. పట్టికను చదివే కిటుకు అంతా ఇందులోనే ఉన్నది. ప్రతి గడి దగ్గరా ఆగి, "ఈ గదిలో ఏమి ఒలుకుతుంది? ఎవరు నడుస్తారు?" అని అడగండి.

ఈ ప్రశ్న ఎంత విలువైనదో మా పిన్నిగారి ఇంట్లో కళ్ళారా చూచాను. ఆమె అపార్టుమెంటు తయారవుతున్న రోజుల్లో ఒక సాయంత్రం ఇద్దరం పట్టిక ముందు వేసుకొని కూర్చున్నాం. హాలు, పడక గదులు, వంటిల్లు అన్నీ సరిపోయాయి. స్నానాల గది వరుసలో నేలకు ఎఫ్-3 అని ఉన్నది. లెజెండులో ఎఫ్-3 అంటే మెరుపు పూత గల సెరామిక్ టైలు అని ఉన్నది. డాడోకు వేసేదీ అటువంటిదే. గోడా నేలా ఒకే రకమైతే చూడ్డానికి బాగుంటుందని ఎవరో అనుకొని ఉంటారు. పిన్ని ఒక్క నిమిషం మాట్లాడలేదు. తర్వాత, "మా అత్తగారికి ఎనభై రెండేళ్ళు. రోజూ తెల్లవారుజామున తలమీద నీళ్ళు పోసుకొంటే గాని ఆవిడ వంటింట్లోకి రారు. ఈ నున్నటి బండ మీద ఆవిడ కాలు నిలుస్తుందా?" అన్నది. టైళ్ళు ఇంకా ఆర్డరు పెట్టలేదు. మర్నాడే ఆర్కిటెక్టుతో చెప్పి ఆ గడిలో గరుకు రకం వ్రాయించింది. కాగితం మీద ఒక్క అంకె మారింది. ఒక పెద్దావిడ తుంటి ఎముక విరగకుండా నిలిచింది అంటే అతిశయోక్తి కాదు.

ఈ టైళ్ళ సంగతి కాస్త తెలుసుకొందాం. గోడ టైలుకూ నేల టైలుకూ అసలు తేడా మట్టి కాల్చిన తీరులో ఉన్నది. గోడలకు వేసే మామూలు సెరామిక్ టైలు తన బరువులో నూటికి 10 పాళ్ళకు పైగా నీరు పీల్చగలదు. విట్రిఫైడ్ టైలు నూటికి అర పాలు మించి పీల్చదు. మొదటిది తేలిక, మెతక. గోడ మీద హాయిగా ఉంటుంది, కాళ్ళ కింద, బరువుల కింద పగులుతుంది. రెండవది గట్టి. ఇక జారుడు సంగతి. కొన్ని కంపెనీల కేటలాగుల్లో ఆర్-9 నుంచి ఆర్-13 దాకా అంకెలు కనబడతాయి. ఇవి జర్మనీవారి కొలత. అంకె పెరిగినకొద్దీ జారుడు తక్కువ. తడిలో వట్టి కాళ్ళతో నడిచే చోట్లకు ఎ, బి, సి అని వేరే తరగతులున్నాయి. అక్కడ సి అన్నింటికంటె పట్టు గలది. మీ పట్టికలో స్నానాల గది, అంట్లు తోమే చోటు, వాన కొట్టే బాల్కనీ, ఈ మూడింటి ఎదుట 'మాట్' అనో 'యాంటీ స్కిడ్' అనో లేకపోతే ఎందుకు లేదో అడిగి తీరాలి.

ఇప్పుడు డబ్బు సంగతి. డాడో గడిలో రకం ఒక్కటే ఉంటే చాలదు, ఎత్తు కూడా ఉండాలి. ఎందుకో లెక్క వేసి చూపుతాను. 8 అడుగుల పొడుగు, 5 అడుగుల వెడల్పు స్నానాల గది అనుకోండి. నాలుగు గోడల చుట్టుకొలత 26 అడుగులు. రెండున్నర అడుగుల తలుపు ఒకటి. డాడో 4 అడుగుల ఎత్తయితే 104 చదరపు అడుగుల్లో తలుపు భాగం 10 తీసివేయగా 94. అదే తలుపు ఎత్తు దాకా, అంటే 7 అడుగులయితే 182లో 17.5 పోగా 164.5. ఒక్క గదిలోనే 70 చదరపు అడుగుల తేడా. రెండు స్నానాల గదులుంటే 141. గదిలో నేల మొత్తం 40 చదరపు అడుగులే గదా, గోడల తేడా దానికి ఇంచుమించు రెట్టింపు అయింది! "డాడో - టైలు" అని మాత్రం వ్రాసి ఎత్తు వ్రాయని గడి కంట్రాక్టరుకు నాలుగడుగులుగా, మీకు ఏడడుగులుగా కనబడుతుంది. తగాదా అక్కడే పుడుతుంది.

వంటింట్లోనూ అంతే. ఎల్ ఆకారంలో 10 అడుగులు, 6 అడుగులు వంటగట్టు ఉంటే, దాని పైన రెండడుగుల డాడోకు 32 చదరపు అడుగులు చాలు. తలుపు ఎత్తు దాకా అయితే, గట్టు ఎత్తు రెండు ముప్పాతిక అడుగులు పోగా నాలుగుంపావు అడుగులు, మొత్తం 68 చదరపు అడుగులు. రెండింతల పైమాటే. తాలింపు చిందులు ఎంత ఎత్తు ఎగురుతాయో మీకు తెలిసినంతగా ఆర్కిటెక్టుకు తెలియదు. ఆ గడి మీరే నింపించండి.

స్కర్టింగును చులకన చేయవద్దు. 16 అడుగులు, 12 అడుగులు ఉన్న హాలు చుట్టుకొలత 56 అడుగులు. మూడు ద్వారాలకు తొమ్మిదిన్నర అడుగులు తీసివేస్తే నలభై ఆరున్నర. నాలుగంగుళాల ఎత్తుతో అది పదిహేనున్నర చదరపు అడుగులు. హాలు నేల 192 చదరపు అడుగులు గనుక, నేలకు కొన్నదానిలో నూటికి 8 వంతులు మళ్ళీ గోడ అడుక్కు కావాలన్నమాట. దీనికి విరిగే, కోసే తరుగు పదిశాతం వేరే. నేలకు మాత్రం లెక్క కట్టి టైళ్ళు తెచ్చినవారు మధ్యలో షాపుకు పరుగెత్తేది ఇందుకే. అప్పటికి ఆ రకం ఉండదు, ఉన్నా అదే ఛాయ దొరకదు.

గోడల గడిలో 'పెయింటు' అని ఒక్క మాట ఉంటే సంతోషించకండి. గోడకు పని మూడు మెట్లు. మొదట సిమెంటు పూత. కేంద్ర ప్రజాపనుల శాఖవారి లెక్కల్లో ఇటుక గోడ లోపలివైపున మామూలుగా 12 మిల్లీమీటర్లు, అంటే అరంగుళం. గోడ గరుకు ముఖానికి 15, స్లాబు అడుగున 6 మిల్లీమీటర్లు ఉంటుంది. రెండవది పుట్టీ, ప్రైమరు. మూడవది రంగు. డిస్టెంపరా, ఎమల్షనా? ఎన్ని పూతలు? రెండు పూతలని వ్రాసి ఉన్న చోట ఒక పూత వేసి వెళ్ళినా పది రోజుల దాకా తేడా తెలియదు. పదకొండో రోజున ట్యూబులైటు పక్కనుంచి వెలుతురు పడినప్పుడు తెలుస్తుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో ఇంకొక మాట. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదని మన దేశంలో 2016లో నియమాలు వచ్చాయి, 2017 నవంబరు 1 నుంచి అమలయ్యాయి. డబ్బా మీద ఆ మాట ఉన్నదో లేదో చూచి తీసుకోండి. కిటికీ ఊచలు పట్టుకొని నోట్లో పెట్టుకొనే వయసు పిల్లలకు ఇది చిన్న సంగతి కాదు.

సీలింగు గడిలో ఫాల్స్ సీలింగు అని ఉంటే ఎంత దించుతారో అడగండి. పదడుగుల గదిలో అడుగు దించితే మిగిలేది తొమ్మిదే. అందులో ఫాను వేలాడాలి. మంచం మీద నిలబడి దోమతెర కట్టే మనిషి చెయ్యి కూడా ఆలోచించుకోవాలి.

మరొక చిక్కు పట్టికలో కనబడదు, రెండు గడులు కలిపి చదివితే కనబడుతుంది. హాలుకు గ్రానైటు, పక్క పడక గదికి టైలు అని ఉన్నదనుకోండి. గ్రానైటు పలక మందం సుమారు 18 మిల్లీమీటర్లు, టైలు సుమారు 10. కింద ఒకే మందాన సిమెంటు పరుపు వేస్తే గడప దగ్గర 8 మిల్లీమీటర్ల మెట్టు మిగులుతుంది. పెద్దవాళ్ళ కాలు తట్టుకొనేది పెద్ద మెట్లకు కాదు, ఇటువంటి కనబడని మెట్లకే. పటాల్లో ఎఫ్.ఎఫ్.ఎల్. అని మూడక్షరాలు కనబడితే, నేల పని అంతా ముగిసిన తర్వాత ఉండే మట్టం అని అర్థం. హాలుకూ గదికీ అది ఒకటేనా, స్నానాల గదికి ఎంత తక్కువ అన్నది చూడాలి. తలుపులు కోయించేది కూడా ఆ మట్టం తెలిసిన తర్వాతే.

ఇక గడులలో లేనివి వెతకండి. అనుభవం మీద చెబుతున్నాను, పట్టికల్లో సాధారణంగా మరపున పడేవి ఇవి: మెట్లు, మెట్ల కింది చోటు, కిటికీ గట్లు, అలమారల లోపలి భాగం, అటక, డాబా పైభాగం, గేటు దగ్గర కారు నిలిపే చోటు. వీటికి వరుస లేదంటే ధర లేదు. ధర లేదంటే రేపు 'ఎక్స్‌ట్రా ఐటం' అన్నమాట. ఖాళీ గడికీ, గీత గీసిన గడికీ కూడా తేడా ఉన్నది. గీత గీస్తే ఇక్కడ ఏమీ లేదని నిర్ణయించినట్టు. ఖాళీగా ఉంటే ఎవరూ ఇంకా నిర్ణయించనట్టు. ఖాళీ గడి ఒక్కటి ఉన్నా సంతకం పెట్టవద్దు.

'లేదా తత్సమానమైనది' అన్న మాట దగ్గర కూడా ఆగండి. అది చెడ్డ మాట కాదు. అనుకొన్న సరుకు బజారులో లేనప్పుడు పని ఆగకుండా కాపాడుతుంది. అయితే సమానమని నిర్ణయించేది ఎవరు? 'యజమాని వ్రాతపూర్వక అంగీకారంతో' అన్న ముక్క చేర్పించండి. తాండూరు బండ అని వ్రాసినా, బేతంచెర్ల బండ అని వ్రాసినా, మందం, సైజు, పాలిష్ చేసినదా గరుకుదా అన్నది కూడా ఉండాలి. ఊరి పేరు ఒక్కటే చాలదు. పట్టికలో ఒకటి, ప్లానులో ఒకటి ఉంటే ఏది చెల్లుతుందో ఒప్పందంలో ముందే వ్రాసుకోవాలి. కాగితం కుడివైపు అడుగున ఉన్న తారీకు, ఎన్నవ సవరణ అన్న నంబరు చూడండి. మేస్త్రీ జేబులో ఆర్-0, మీ బీరువాలో ఆర్-2 ఉంటే ఇల్లు మేస్త్రీ జేబులోని కాగితం ప్రకారమే తయారవుతుంది.

సొంతంగా కట్టించుకొనేవారికి ఒప్పందమే రక్ష. అపార్టుమెంటు కొనేవారికి దానితోపాటు చట్టం కూడా ఉన్నది. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం, అందరూ 'రెరా' అంటున్నది, 14వ సెక్షనులో స్పష్టంగా చెబుతున్నది. ఒప్పుకొన్న స్పెసిఫికేషన్లను కొన్నవారి ముందస్తు అంగీకారం లేకుండా బిల్డరు మార్చరాదు. ఇల్లు అప్పగించిన తేదీ నుంచి అయిదేళ్ళలోపు పనితనంలోనో, నాణ్యతలోనో లోపం చూపితే ముప్పై రోజుల్లో ఉచితంగా బాగుచేయాలి. కాని లోపం అనడానికి ఏదో ఒక కాగితంతో పోల్చి చూపాలి గదా? బ్రోషరులోని 'లగ్జరీ ఫినిష్' అన్న మాటతో పోల్చలేం. పట్టికలోని 'రెండు పూతలు', 'ఏడడుగులు', 'విట్రిఫైడ్' అన్న మాటలతో పోల్చగలం.

అమెరికాలో ఉన్న పిల్లలు అక్కడ ఇల్లు కట్టించుకొంటూ వీడియోలో పటాలు చూపినప్పుడు బెదిరిపోకండి. పట్టిక అదే. స్కర్టింగును వారు 'బేస్' అంటారు. గోడలకు ఒక గడి బదులు తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం అని నాలుగు గడులు వేయడం వారి పటాల్లో తరచు కనబడుతుంది. పి.టి. అంటే పెయింటు, సి.టి. అంటే సెరామిక్ టైలు, సి.పి.టి. అంటే తివాచీ. ఇంటి లోపల మెత్తటి తివాచీ ఏ గదికి వ్రాశారో చూచి, పసిపిల్లవాడు పాలు ఒలకబోసే గది అదేనా అని అడిగారనుకోండి, మీ అల్లుడు గారు మిమ్మల్ని కొత్త గౌరవంతో చూస్తారు.

చివరగా చేయవలసిన పని ఒకటే. పట్టికకు రెండు నకళ్ళు తీయించండి. ఒకటి ఒప్పందంతో కలిపి బీరువాలో పెట్టండి. రెండవది సంచిలో వేసుకొని పని జరిగే చోటికి వెళ్ళి, ఒక్కొక్క గదీ ముగిసినకొద్దీ ఒక్కొక్క గడి పక్కన పెన్సిలుతో టిక్కు పెట్టండి. ఆఖరి బిల్లు టిక్కులు పూర్తయిన తర్వాతే. గృహప్రవేశం అయ్యాక కూడా కాగితం పారవేయకండి. టైళ్ళ పేరు, సైజు, పెట్టె మీది బ్యాచి నంబరు, రంగు నంబరు దాని వెనకవైపు వ్రాసి, మిగిలిన టైళ్ళ పెట్టె ఒకటి అటక మీద పెట్టించండి. పదేళ్ళ తర్వాత రోలు జారి వంటింట్లో ఒక పలక పగిలిన రోజున, నేలంతా తవ్వించాలో, ఒక్క పలక మార్పిస్తే చాలునో ఆ కాగితమే చెబుతుంది.